నోటికి ముందు తగిలేది

కీమో మొదలైన కొన్ని వారాలకే ఆవిడకు అన్నం సయించడం మానేసింది. గుంటూరు నుంచి ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ. వాంతులు మందుకు లొంగాయి. బరువు మాత్రం తగ్గుతూనే ఉంది.

"ఏం పెట్టినా తుప్పు నాకినట్టుంది నాయనా" అన్నారు.

"దేంతో తింటున్నారమ్మా?" అని అడిగాను.

కీమో వల్ల వేళ్లు తిమ్మిరెక్కాయి, వేడి చల్లన తెలియడం లేదు. చెయ్యి కాలుతుందని కోడలు స్టీలు చెంచా ఇచ్చిందట. ఆ జాగ్రత్త సరైనదే. కానీ జీవితమంతా చేత్తో కలుపుకు తిన్న మనిషికి అన్నం మెత్తదనం, వేడి ముందు వేళ్లకే తెలుస్తాయి. ఆ సగం భోజనం ఆవిడకు పోయింది. మిగిలిన సగాన్ని లోహపు రుచి మింగేస్తోంది.

కొన్ని కీమో మందులు రుచిమొగ్గలను దెబ్బతీస్తాయి. పైగా లోహపు రుచిలో వాసన పాలూ ఉంటుంది. నోట్లోని కొవ్వులు ఇనుముతో కలిసినప్పుడు పుట్టే వాసన గొంతు వెనకనుంచి ముక్కుకు చేరుతుంది. స్టీలు నోటికి తగిలితే బాధ పెరుగుతుందని రోగులు చెబుతారు. అందుకే క్యాన్సర్ వైద్యంలో చెక్క, ప్లాస్టిక్ చెంచాలు వాడమనడం మామూలు సలహా. చెక్క చెంచా, పింగాణీ గిన్నె అని మందుల చీటీ మీదే రాశాను. రుచి పూర్తిగా తిరిగి రాలేదు. పెరుగన్నం మాత్రం లోపలికి పోయింది, బరువు నిలబడింది. నాకు అదే పెద్ద సంతోషం.

పాత్ర రుచిని మారుస్తుందన్నది కొత్త సంగతి కాదు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెట్టకూడదని మన అమ్మలకు తెలుసు. రాచ్చిప్పలో కాచిన పులుసు రుచీ తెలుసు. లండన్‌లో పరిశోధకురాలు జోయీ లాఫ్లిన్ ఒకే ఆకారం చెంచాలకు వేర్వేరు లోహాల పూత వేయించి చూపించారు. రాగి, జింకు నోట్లో ఘాటుగా చేదెక్కాయి. బంగారం తన రుచేమీ కలపలేదు. 2013లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన వెనెస్సా హరార్, చార్ల్స్ స్పెన్స్ ప్రచురించిన పరిశోధనలో, తేలికైన ప్లాస్టిక్ చెంచాతో తిన్న పెరుగు చిక్కగా అనిపించింది. చీజ్‌ని కత్తితో తిన్నవాళ్లకు ఉప్పు ఎక్కువ తోచింది.

ఉప్పు అనగానే నాకు బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు గుర్తొస్తారు. చప్పిడి తిండి మింగలేక కంచం తోసేసేవాళ్లే ఎక్కువ. జపాన్‌లో మెయిజీ విశ్వవిద్యాలయపు హోమెయి మియాషిటా పరిశోధనతో కిరిన్ కంపెనీ 2024లో ఒక చెంచా అమ్మకానికి పెట్టింది. సన్నని విద్యుత్తుతో ఆహారంలోని సోడియం అయాన్లను నాలుక వైపు చేర్చి, తక్కువ ఉప్పే ఎక్కువగా అనిపించేలా చేస్తుంది. చారుకు, సూపుకు బాగుంటుంది. ఆవకాయ ముద్దకు పనికిరాదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు నేనైతే చెప్పను.

నాకు ఇంతకన్నా ఆశ ఉన్నది జొన్న చెంచా మీద. హైదరాబాద్‌లో నారాయణ పీసపాటి జొన్న, బియ్యం, గోధుమ పిండితో తినే చెంచాలు చేశారు. టూవూంబా వాకిట్లోనే డార్లింగ్ డౌన్స్ నల్లరేగడి ఉంది. అక్కడ పండే జొన్నలో చాలా భాగం పశువుల దాణాకే పోతుంది. లోహం తగలని, ఉప్పు వేయని చెంచా ఆ జొన్నతో ఇక్కడే ఎవరైనా చేస్తే నా రోగులకు చేతికిస్తాను. కీమోతో నోరు పూసినవాళ్లకు మాత్రం అప్పుడే కాదు. గట్టి అంచు పుండును గీస్తుంది. నోరు మానాక ఇవ్వచ్చు.