మా ఇంటి గిల్పం

మా కొత్త సోఫాకి మామయ్య పెట్టిన పేరు 'గిల్పం'. మాయాబజార్ చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తల్పానికి గిల్పం, కంబళికి గింబళి అని ఘటోత్కచుడి పరివారం కొత్త మాటలు పుట్టిస్తుంది కదా, ఆ గిల్పమే. 1957లో పింగళి నాగేంద్రరావుగారు సరదాగా సృష్టించిన మాట ఇన్నేళ్ళకి శంషాబాద్‌లో ఏడో అంతస్తులో మా హాల్లోకి వచ్చింది. బీఏలో తెలుగు చదువుకున్నదాన్ని కదా, నాకు ముచ్చటేసింది. వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించాను కూడా. అందులో ఒక ఫిర్యాదు ఉందని నాకు నాలుగు నెలలు తట్టలేదు.

పోయిన దసరాకి సరూర్‌నగర్‌లో పాత ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చాం. మావారి ఉద్యోగం ఎయిర్‌పోర్టులోనే. 2008 మార్చిలో విమానాలన్నీ బేగంపేట నుంచి ఇటు మారినప్పటి నుంచీ రోజూ ఊరు దాటి రావడం, వెళ్ళడం. ఇన్నాళ్ళకి ఆ బాధ తప్పింది. షూటింగులు జరిగే అమ్మపల్లి గుడి కూడా దగ్గరే. సొంత ఇల్లు, పెద్ద హాలు, కిటికీలోంచి దిగుతున్న విమానాలు. ఇక ఆ హాలుని సినిమాలో ఇల్లులా పెట్టుకోవాలన్నది నా కోరిక.

మీలో నా వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, దూరదర్శన్‌లో వారానికొక తెలుగు సినిమా. వాటిలో జమీందారుగారి హాలు, వంపు తిరిగిన మెట్లు, మధ్యలో సోఫా సెట్టు. రంగుల సినిమాలు వచ్చాక గుండ్రటి మంచాలు, విలన్ గిర్రున తిప్పుకునే కుర్చీలు. ఆ సోఫాల మీద ఎవరూ ఉతికిన బట్టల కుప్ప పోయరు. కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలవరు. సినిమాలో కుర్చీ ఉండేది ఎవరు గొప్పో చెప్పడానికి. 'నరసింహ'లో నీలాంబరి కుర్చీ వెయ్యకుండా నిలబెడితే రజనీకాంత్ పైనున్న ఉయ్యాలని కండువాతో కిందికి లాగి కూర్చుంటాడు చూడండి, 1999 నుంచి ఇప్పటికీ ఆ సీను టీవీలో వస్తే మా ఇంట్లో ఛానల్ మార్చరు. (ఈమధ్య ఒక పాట వచ్చాక మాత్రం కుర్చీ మడతపెట్టు అని పిల్లల ముందు అనడానికి లేకుండా పోయింది.)

మా అమ్మాయి ఇంటీరియర్ డిజైన్ చదివి బెంగళూరులో పనిచేస్తోంది. ఇల్లు సర్దుకునే రోజుల్లో రోజూ ఫోన్లో నాకు పాఠాలు. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' అని 1968 నాటి సినిమాలో అంతరిక్ష కేంద్రం హాల్లో వేసిన ఎర్ర కుర్చీలు చూపించింది. ఒలివియే మూర్గ్ అనే ఫ్రెంచ్ ఆయనవట. తెల్లటి హాల్లో నాలుక చాపినట్టున్నాయి. 'ది ప్రిజనర్' అనే ఇంగ్లిష్ సీరియల్లో బంతిని ఒకవైపు కోసినట్టుండే కుర్చీ చూపించింది, ఫిన్‌లాండ్ ఆయన ఏరో ఆర్నియో 1963లో చేసింది. అందులో మనిషి కూర్చుంటే గూట్లో పిట్టే.

అన్నిటికంటే నాకు నచ్చింది ఈమ్స్ లాంజ్ చైర్. వంచిన చెక్క, నల్లటి తోలు, ముందు కాళ్ళు పెట్టుకునే చిన్న పీట. చార్లెస్, రే ఈమ్స్ అని అమెరికాలో మొగుడూ పెళ్ళాలు చేసినది. చాలాకాలం పేరు ఎక్కువగా ఆయనదే వినిపించింది, ఇంతకీ ఇద్దరి పని. తమాషా ఏమిటంటే, ఆ కుర్చీని జనానికి పరిచయం చేసిందే టీవీలో. 1956లో ఎన్‌బీసీ వాళ్ళ 'హోమ్' అనే కార్యక్రమంలో. పగటిపూట మనలాంటి ఇల్లాళ్ళ కోసం వేసే కార్యక్రమం అది. కూర్చోబెట్టింది ఎవరినో గానీ చూపించింది మాత్రం మనకే.

అమ్మాయి చివరికి ఒక ఫొటో పంపింది. 'ఫ్రేజర్' అనే అమెరికన్ సీరియల్లో హాలు, అందులో ఈమ్స్ కుర్చీ, పొడవాటి లేత రంగు సోఫా. "అమ్మా, ఇలా చేద్దాం" అంది. పారిస్‌లో కోకో షనెల్ గదిలో ఉన్న సోఫాకి అచ్చమైన నకలని ఆ సీరియల్లో గొప్పగా చెప్పుకుంటారట. వాళ్ళదే నకలైతే మనకేం తక్కువని, అత్తాపూర్ వైపు ఒక షాపులో నకలుకి నకలు చేయించాం. పొడుగ్గా, కిందికి, మెత్తగా, చేతులు లేకుండా. ఈమ్స్‌లా కనిపించే కుర్చీ కూడా ఒకటి కొన్నాం. అసలుదైతే లక్షల్లో ధర.

ఆ హాల్లో మామయ్య పాత కుర్చీ నప్పదు. టేకుది, నిటారు వీపు, వెడల్పు చేతులు. ఆయన షాద్‌నగర్ వైపు బళ్ళో పంతులుగా చేసేటప్పుడు చేయించుకున్నారు. కేన్ చిరిగిపోతే ఎప్పుడో పచ్చ ప్లాస్టిక్ వైరుతో అల్లించారు. సామాను లారీకెక్కిస్తున్న రోజు దాన్ని మా సందు మొదట్లో ఇస్త్రీ చేసే ఆమెకి ఇచ్చేశాను. మామయ్య గేటు దగ్గరే నిలబడి చూశారు. ఏమీ అనలేదు. అనరని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను.

కొత్త ఇంట్లో రెండు నెలలకి ఆయనకి మూత్రంలో మంట, జ్వరం. ఇన్‌ఫెక్షన్ అన్నారు డాక్టరు, నీళ్ళు తక్కువ తాగుతున్నారని నన్ను మందలించారు. పొద్దున్నే చెంబు నిండా నీళ్ళు ఆయన పక్కన పెట్టేదాన్ని. సాయంత్రానికి సగం కూడా తగ్గేది కాదు. అడిగితే "దప్పిక అయితలేదు బిడ్డా" అనేవారు. పెద్దతనం, చాదస్తం అనుకున్నాను. ఒకసారి విసుక్కున్నాను కూడా.

సంక్రాంతికి వచ్చిన అమ్మాయిని దింపడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్ళాం. తాతయ్య కూడా వస్తానన్నారు. బయట ఎదురుచూసేవాళ్ళ కోసం వేసిన ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. ఎయిర్‌పోర్టు కుర్చీలకీ ఈ ఈమ్స్ దంపతులకీ సంబంధం ఉందని అక్కడే అమ్మాయి చెప్పింది. 1962లో షికాగో, వాషింగ్టన్ విమానాశ్రయాల కోసం ఒకే కడ్డీకి వరసగా బిగించిన కుర్చీలు వాళ్ళు చేశారట. ఇంకో సంగతి కూడా చెప్పింది, అది నాకు భలే నచ్చింది. 1958లో మన ప్రభుత్వానికి వాళ్ళు ఒక నివేదిక రాసిచ్చారు. దేశంలో తాము చూసి మెచ్చుకున్న వస్తువులన్నిట్లోకీ గొప్పదని అందులో మన చెంబుని పొగిడారు. పట్టుకోవడానికి, వంచడానికి, తోమడానికి, చంకన పెట్టుకోవడానికి, అన్నిటికీ సరిపోయేలా తరతరాల చేతుల్లో తయారైన వస్తువని. అహ్మదాబాద్‌లో డిజైన్ సంస్థ పుట్టింది ఆ నివేదిక వల్లేనట.

నేను ఈ చెంబు కబుర్లలో ఉండగా మామయ్య నా చేతిలో సీసా తీసుకుని గటగటా తాగేశారు. కాసేపటికి కుర్చీ రెండు చేతులూ పట్టుకుని లేచి, బాత్రూం ఎటని అడిగి వెళ్ళొచ్చారు. మళ్ళీ కూర్చున్నారు. అమ్మాయి లోపలికి వెళ్తూ చెయ్యి ఊపితే మళ్ళీ లేచారు. ఎవరూ పట్టుకోలేదు.

ఇంట్లో ఆయన్ని రెండు చేతులూ పట్టి లేపేది నేనే. కారులో అడిగాను, "మామయ్యా, ఇంట్లో నీళ్ళెందుకు తాగట్లేదు?" అని.

ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నారు. "ఆ గిల్పంల కూసుంటే లేవరాదు బిడ్డా. నీళ్ళు తాగితే లేవాలె గదా. నిన్ను ఎన్నిసార్లని పిలవాలె?"

మావారు కారు నడుపుతూ ఏమీ మాట్లాడలేదు. నాకు గొంతు పెగల్లేదు.

ఇంటికి రాగానే టేపు తీసుకుని సోఫా కొలిచాను. నేల నుంచి పద్నాలుగు అంగుళాలు. మనిషి కూర్చుంటే ఇంకో రెండు అంగుళాలు దిగుతుంది. మోకాళ్ళు నడుము కంటే పైకి వస్తాయి, పట్టుకుని బలం వెయ్యడానికి చేతులు లేవు, వెడల్పు ఎక్కువ కాబట్టి ముందుకి జరగడమే ఒక ప్రయాణం. ఈమ్స్ నకలు సంగతి సరేసరి, అది మనిషిని వెనక్కి వాల్చుకుంటుంది. వాలినవాడు లేవాలని దానికేం పట్టదు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే కొనేముందు వాళ్ళనే షాపుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, చేతులు గట్టిగా ఉండాలి, ఎవరి సాయం లేకుండా మూడుసార్లు లేచి చూపించమనండి. నేను రంగుల క్యాటలాగు తిరగేశాను గానీ ఈ పని చెయ్యలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్లో ఆ 'ఫ్రేజర్' చూడ్డం మొదలుపెట్టాను. మొదటి భాగంలోనే ఆయన తండ్రి వచ్చి చేరతాడు. రిటైరైన పోలీసు, చేతికర్ర. వెంట ఒక పాత వాలుకుర్చీ, చిరిగినచోటల్లా టేపు అంటించి ఉంటుంది. ఆ అందమైన హాలు నట్టనడుమ, ఈమ్స్ కుర్చీకి దగ్గర్లో, ఉన్నన్నాళ్ళూ అది అక్కడే ఉంటుంది. మా అమ్మాయి పంపిన ఫొటోలో ఆ కుర్చీ లేదు. ఫొటోని అక్కడికి కత్తిరించేశారు.

ఒక భాగంలో కొడుకు ఆ కుర్చీ తీసేసి కొత్తది తెస్తాడు, పాతది చెయ్యి జారిపోతుంది. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టినప్పుడు ఆ కుర్చీలో కూర్చునే చూశానని, నీకు కొడుకు పుట్టాడన్న ఫోను అందులో ఉండగానే విన్నానని తండ్రి చెప్తాడు. అది హాస్య సీరియలే. పక్కన మావారు నిద్రలేస్తారని దిండు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మర్నాడు సరూర్‌నగర్ వెళ్ళాను. కొత్త కుర్చీ ఒకటి కొనిచ్చి పాతది తెచ్చేసుకుందామని. సందు మొదట్లో ఇస్త్రీ బండి పక్కన ఆ పచ్చ వైరు కుర్చీ, అందులో ఆమె అత్త. నన్ను చూసి రెండు చేతుల మీదా బలం వేసి లేచి, "కూసో అమ్మా" అని నాకే ఇచ్చింది. ఇక ఏం అడుగుతాను? టేపు ఇంటి నుంచి తెచ్చుకున్నాను కాబట్టి, దండం పెట్టి, కొలతలు తీసుకుంటానన్నాను. నేల నుంచి పద్దెనిమిది అంగుళాలు. చేతులు దానికి ఎనిమిది అంగుళాల పైన. ఆవిడ నవ్వుతూ టేపు కొస పట్టుకుంది.

శంషాబాద్‌లోనే ఒక వడ్రంగి పదిహేను రోజుల్లో చేసిచ్చాడు. కేన్ అల్లించాను. కిటికీ దగ్గర, సోఫాకి అడ్డంగా వేశాం. వీడియో కాల్లో చూసి అమ్మాయి ఒక నిమిషం మాట్లాడలేదు, తర్వాత "రంగు మార్చకమ్మా" అంది అంతే. మామయ్య మాత్రం మొదటిరోజు కూర్చుని, "పాతదాని లెక్క లేదు, కిర్రుమంటున్నది" అన్నారు. నిజమే, కిర్రుమంటుంది. ఆ కిర్రు వినబడితే ఆయన లేచారని వంటింట్లో నాకు తెలుస్తుంది.

గిల్పం మీద ఇప్పుడు బట్టలు మడతపెడుతున్నాను. చెంబు పొద్దున తొమ్మిదింటికి నింపితే పన్నెండుకల్లా ఖాళీ. ఇప్పుడే మళ్ళీ పిలిచారు, నీళ్ళకి.