కునుకా, నలతా?

కుక్కకు నిద్ర జన్మహక్కు. ఎదిగిన కుక్క రోజుకు 12 నుంచి 14 గంటలు పడుకుంటుంది. కూనలు, ముసలివి ఇంకాస్త ఎక్కువే. మే నెల మధ్యాహ్నం మా రాజా గచ్చు మీద నాలుగు కాళ్లూ బారచాపిందంటే ఇంటిల్లిపాదీ దాన్ని దాటుకుంటూ తిరగాల్సిందే. అది రోగం కాదు, రాజసం.

అందుకే ఎంతసేపు పడుకుందని లెక్కపెడితే ఏమీ తేలదు. పిలిస్తే ఎలా లేస్తోందో చూడాలి. గేటు గడియ చప్పుడు, పెరుగన్నం గిన్నె, పక్కవీధి విరోధి మొరుగు: ఈ మూడింటికీ చెవి కూడా కదపలేదంటే దాన్ని బద్ధకం ఖాతాలో వేయకూడదు.

"ఎండలకి డీలా పడిందమ్మా, రెండ్రోజులుగా మెట్లెక్కనంటోంది" అన్నారు ఎదురింటి పిన్నిగారు, వాళ్ల లాబ్రడార్‌ను చూపిస్తూ. చెవి మడత విప్పి చూస్తే ఆముదం గింజల్లా ఉబ్బిన గోమార్లు. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలాను. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీరంగుకు రావాలి. ఇక్కడ నొక్కకముందే చిగురు పాలిపోయి ఉంది. "పిన్నిగారూ, ఇది ఎండ కాదు, ఇప్పుడే డాక్టరు దగ్గరికి బయల్దేరండి" అన్నాను. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. గోమారి కాటుతో ఒంట్లో చేరే ఎర్లీషియా చేసే పని అది. ముదిరితే ముక్కులోంచి రక్తం కారుతుంది. త్వరగా పట్టుకుంటే మాత్రం డాక్సీసైక్లిన్‌తో చాలావరకు లొంగుతుంది, నాలుగు వారాలు మానకుండా వేయాలి. కుక్క ఒంటి మీది గోమార్లను ఏరేస్తే సరిపోదు. అవి గోడ పగుళ్లలో దూరి వేలల్లో గుడ్లు పెడతాయి కాబట్టి ఇంటికీ మందు కొట్టించాలి.

నీరసం వెనక గోమారి ఒక్కటే ఉంటుందని కాదు. నడివయసు కుక్క తిండి పెరగకుండానే లావెక్కి, బొచ్చు పలచబడి, వెచ్చటి మూల వెతుక్కుంటుంటే థైరాయిడ్‌ను అనుమానించాలి. నిద్రలో నిమిషానికి ముప్ఫైకి మించి ఊపిరి తీస్తూ, కొంచెం నడవగానే దగ్గుతుంటే గుండె పరీక్ష చేయించాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క, ఎదకు వచ్చిపోయిన కొన్ని వారాలకు మందకొడిగా మారి కడవలకొద్దీ నీళ్లు తాగుతోందంటే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. టీకాలు పూర్తికాని కూన వాంతులు చేసుకుని ముడుచుకుపోతే పార్వో భయం. ఈ చివరి రెండింటికీ "రేపు చూద్దాంలే" పనికిరాదు. ఉన్నట్టుండి కుప్పకూలినా, పొట్ట ఉబ్బినా, చిగుళ్లు తెల్లబోయినా అంతే.

ఒళ్లు వేడిగా ఉందో లేదో చేత్తో ముట్టుకుని తేల్చేయడం మనకు అలవాటు. కుక్క ఒంటివేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. మన లెక్కన అది ఎప్పుడూ జ్వరంతో ఉన్నట్టే! ముక్కు తడిగా ఉంటే ఆరోగ్యం, ఎండితే రోగం అనే సూత్రాన్నీ నమ్ముకోలేం. ఇంట్లో ఉంది కదా అని పారాసిటమాల్ బిళ్ల మింగించడం అన్నిటికంటే ప్రమాదం. ఆ బిళ్ల కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

డాక్టరు మన కుక్కను చూసేది పది నిమిషాలు, అదీ బల్ల మీద బిక్కచచ్చి నిలబడినప్పుడు. దాని మామూలు ధోరణి ఆయనకేం తెలుస్తుంది? "కాస్త డల్‌గా ఉందండీ" అని ఊరుకోకుండా, ఎప్పటి నుంచి, ఆఖరిసారి ఏం తిన్నది, ఎన్ని నీళ్లు తాగింది, ఏ మెట్టు దగ్గర ఆగిపోయింది, అన్నీ చెప్పాలి. పడుకున్నప్పటి ఊపిరిని ఫోన్లో వీడియో తీసి పట్టుకెళితే ఇంకా మేలు. నోరులేని జీవి తరఫున వకాల్తా పుచ్చుకున్నాక సాక్ష్యం పక్కాగా ఉండొద్దూ!