పయనీర్ స్క్వేరులో తొలి గురువారము

అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్య కోణమున, పూజెట్ సౌండ్ అను సముద్రపు పాయకును వాషింగ్టన్ సరస్సునకును నడుమ వెలసిన సియాటిల్ మహానగరమున, ఉక్కును గాజును కూర్చి కట్టిన సౌధములు ఏటేట ఆకసమునకు ఎగబ్రాకుచుండగా, నగరమధ్యమునకు దక్షిణపు కొసన మాత్రము ఎర్ర యిటుకలతోను ఇసుకరాతితోను నిర్మించిన పాతపేట యొకటి నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. 1914లో లేచిన 38 అంతస్తుల స్మిత్ టవరును మినహాయించినచో అందలి భవనములు చాలవరకు నాలుగైదు అంతస్తులకు మించవు. దానిని పయనీర్ స్క్వేరు అందురు. ప్రతి నెల తొలి గురువారమునాడు, సంజవేళ ఐదు గంటలు మొదలుకొని ఎనిమిది వరకు, ఆ పేటలోని చిత్రశాలలన్నియు ఒక్కసారిగా తలుపులు బార్లా తెరచి, క్రొత్త చిత్రములను గోడలకెక్కించి, దారిన పోవు ప్రతివానిని లోనికి పిలుచును. ప్రవేశ రుసుము లేదు, ఆహ్వానపత్రిక యక్కరలేదు. 1981లో మొదలైన ఈ ఆచారమే ఆ దేశమున ఇట్టి నెలవారీ కళాసంచారములన్నింటికిని మొదటిదని చెప్పుదురు. పోర్ట్‌లాండులో 1986లోను, ఫిలడెల్ఫియాలో 1991లోను పుట్టినవి దీని వెనుక వచ్చినవే.

రామగుండము విద్యుత్కేంద్రపు పొగగొట్టముల నీడన, జ్యోతినగర్‌లో బ్రతుకు గడపిన నావంటివాని కన్నులకు ఈ పేట వేరుగా కనబడుట సహజము. 1978 నవంబరు 14న మొరార్జీ దేశాయిగారు శంకుస్థాపన చేసిన ఆ కేంద్రము, 1983లో వెలిగిన దాని తొలి 200 మెగావాట్ల యూనిటు, దానికి రేయింబవళ్లు బొగ్గునందించు గోదావరిఖని గనులు, వీనిని చూచియే ఊరు పుట్టుట ఎట్లో మేము నేర్చినాము. బొగ్గు తరిగిన పిదప ఊరేమగునో బెల్లంపల్లి వారినడిగిన చెప్పుదురు. సియాటిల్‌కు తూర్పున రెడ్మండ్, బాథెల్, సమామిష్ పట్టణములలో సాఫ్టువేరు కొలువులు చేయు తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. మా అబ్బాయి సంసారమును అచ్చటనే. వారి యింటినుండి నగరమునకు పోవలెనన్న వాషింగ్టన్ సరస్సుపై నీటిమీద తేలుచుండు 2,350 మీటర్ల వంతెనను దాటవలెను. ప్రపంచమున తేలు వంతెనలలో అంతకంటె పొడవైనది లేదు. మా జ్యోతినగర్ జలాశయముపై 2022లో పరచిన 100 మెగావాట్ల తేలు సౌరఫలకములను చూచియున్నవాడనగుటచేత, నీటిమీద ఇనుమును కాంక్రీటును నిలుపు ఆ విద్యను గూర్చి వంతెన పొడవునను అబ్బాయిని ప్రశ్నలడుగుచునే యుంటిని.

ఇక ఈ పేట పూర్వచరిత్ర. డువామిష్, సుక్వామిష్ జనుల నాయకుడగు సియాల్ పేరే తెల్లవారి నోట సియాటిల్ అయినది. వలసవారు 1852లో ఈ తీరమున దిగిరి; హెన్రీ యెస్లర్ అనునతడు ఆవిరి కోతమిల్లు పెట్టెను; కొండమీది దుంగలను ఈ పేటలోని ఒక వీథివెంటనే మిల్లునకు జార్చెడివారు. 1878 నాటికి సియాటిల్ సమీపపు న్యూకాసిల్ గనులనుండి బొగ్గు రైలుబండి నేరుగా రేవునకు దిగసాగెను. అచ్చటి బొగ్గు ఓడలకెక్కి కాలిఫోర్నియాకు పోయెడిది. ఆ ధనమే ఈ వీథులకు పునాది. 1889 జూన్ 6న ఒక వడ్రంగి దుకాణమున జిగురు కుండ బోర్లపడి, ఆ నిప్పు పేటనంతటిని దహించివేసెను. మన యెల్లందులో బొగ్గు త్రవ్వకము ఆరంభమైనదియు ఆ సంవత్సరముననే. కాలిన ఊరిని ఇటుకతో, రాతితో మరల కట్టుచు వీథులను ఒక అంతస్తు పైకెత్తుటచే, పూర్వపు దుకాణముల ముంగిళ్లు నేలక్రిందికి పోయినవి. నేడు వానిని దీపపు వెలుగున చూపించుచున్నారు. 1897లో కెనడా దేశపు క్లాండైక్ బంగారము వచ్చెను, సంపద వచ్చెను, పిదప అంతయు ఉత్తరపు పేటలకు తరలిపోయెను.

గనుల సంగతి ఇంకొక్క మాట చెప్పక ముందునకు పోజాలను. ఈ నగరమునకు ఆగ్నేయముననున్న ఫ్రాంక్లిన్ గనిలో 1894 ఆగస్టు 24న మంట రేగి, పొగకు ఊపిరాడక 37 మంది కార్మికులు మరణించిరి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీరు విరుచుకుపడి 17 మంది పోయిన దినమున మా వీథులెట్లుండెనో ఎరిగినవాడను గనుక, ఫ్రాంక్లిన్ మృతుల అంకెను చదివిన చోటనే నా చూపు నిలిచిపోయినది. న్యూకాసిల్ గనులు 1963లో మూతపడినవి. నేడు ఆ కొండలమీద ఉద్యానవనమును, నడకదారులును కలవు.

పాతపేట ఇరువదవ శతాబ్ది నడుమకు వచ్చుసరికి పాడుపడిన గోదాములకును, నిలువనీడ లేనివారికిని ఆటపట్టయ్యెను. 1961లో సియాటిల్ హోటలు అను సుందర భవనమును కూల్చి, దాని స్థలమున కార్లు నిలుపుటకై వికృతమగు కాంక్రీటు కట్టడము లేపిరి. మునుగుచున్న ఓడవలె కనబడు దానిని నేటికిని అదే పేరున పిలుచుచున్నారు. ఆ కూల్చివేత జనుల మనస్సును కలచివేసినది. రాల్ఫ్ ఆండర్సన్ అను వాస్తుశిల్పి పాత కట్టడములను కొని బాగుచేయ మొదలిడెను. రిచర్డ్ వైట్ అను రసికుడు చిత్రశాల తెరచెను. 1970లో నగరపాలకులు ఈ పేటను పరిరక్షిత ప్రాంతముగ ప్రకటించిరి. అద్దె తక్కువ, కప్పు ఎత్తు, కిటికీలు విశాలము: చిత్రకారునకు ఇంతకంటె ఏమి కావలెను?

అయినను చిత్రశాల తలుపు సామాన్యుని భయపెట్టు తలుపు. లోన కొందరు పెద్దమనుష్యులు మెల్లగా మాటలాడుకొనుచుందురు. ధర అడుగవలెనన్న జంకు. ఏమియు కొనక మరలవలెనన్న సిగ్గు. 1981లో ఈ పేట చిత్రశాలల యజమానులు కనిపెట్టిన ఉపాయము ఆ జంకును తీర్చుటకే. దారిపటములను అచ్చువేసి పంచిరి; తమ తమ వాకిళ్లముందు కాలిబాటమీద అడుగుల గుర్తులను రంగుతో వేసిరి; నెలకొక్క గురువారము అందరును కూడబలుకుకొని ఒక్కమారే తలుపులు తెరచిరి. ఒక్క వాకిలి తెరచియున్నచో లోనికి పోవుటకు సందేహించువాడు, ముప్పది వాకిళ్లు తెరచి జనము ఇటునటు మెదలుచుండగా సంకోచింపడు. ఈ చిన్న కిటుకునకు నేను మనసార నమస్కరించుచున్నాను. నేను తడబడుచు నిలిచిన మొదటి గడపయొద్ద మా కోడలు "లోపటికి రాండ్రి మామయ్యా, టిక్కెట్టేం లేదు" అన్నది. ఆ మాటలోనే ఆ సాయంకాలపు సారమంతయు ఉన్నది.

ఈ పేటలో నన్ను కట్టివేసినది గాజు. సాయంకాలమునకు ముందుగనే చేరుటచే, ఆక్సిడెంటల్ వీథిలోని గ్లాస్‌హౌస్ స్టూడియోలో పని జరుగుచుండగా చూడగలిగితిని. కొలిమి వాకిట నిలిచిన పనివాడు ఐదడుగుల ఇనుప గొట్టమును లోనికి చాచి త్రిప్పి తీసినప్పుడు, 1,100 సెల్సియస్ డిగ్రీల వేడిలో కరగియున్న గాజు తేనెవలె దాని కొసకు చుట్టుకొని వచ్చినది. అప్పటినుండి అతని చేయి గొట్టమును త్రిప్పుట ఒక్క క్షణమేని మానలేదు. మానినచో ముద్ద ఒకవైపునకు జారిపోవును. ఉక్కుబల్లమీద దొర్లించి, రంగుగాజు పలుకులలో అద్ది, మరల మంటలో చూపి, గొట్టపు రెండవ కొసన పెదవులాన్చి మెల్లగా ఊదెను. ముద్ద నడుమ చిన్న బుడగ కానవచ్చినది. పిదప నీట నానవేసిన వార్తాపత్రికను దళసరిగా మడచి అరచేత పట్టి, దానితోనే ఆ నిప్పుముద్దను నిమిరి నునుపు చేసెను. కాగితమునకును గాజునకును నడుమ ఆవిరి పొర నిలుచుటచే చేయి కాలదు. సహాయకుడు మరియొక ఇనుప కడ్డీని అడుగుభాగమున అతికించెను. నీటిచుక్క వేసి మెడకడ తట్టగనే పాత్ర గొట్టమును విడిచి కడ్డీమీదికి వచ్చినది. మూతి విప్పుట ముగిసిన పిమ్మట దానిని వేరొక బట్టీలో పెట్టి రాత్రియంతయు కొంచెము కొంచెముగా చల్లార్తురు. తొందరపడినచో తనంతట తానే పగులును. ఇరువురు మనుష్యులు మాటలేక, ఒకరి చూపునుబట్టి ఒకరు మెదలుచు పనిచేయుట చూచినప్పుడు నాకు బాయిలర్ల యొద్ద కలసి పనిచేసిన మిత్రులు స్ఫురించిరి. నిప్పుతో పనిచేయువారందరికిని ఈ మౌనభాష తెలియును.

సియాటిల్‌కు ఈ విద్య ఎట్లు పట్టుబడినదో చెప్పవలెను. ఇటలీలోని మురానో ద్వీపమున గాజుపని శతాబ్దములపాటు రహస్యవిద్య. సియాటిల్ సమీపమున టకోమాలో 1941లో జన్మించిన డేల్ చిహూలీ 1968లో వెనీస్ చేరి అచ్చటి వెనీని కర్మాగారమున పనివారు జట్టుగా చేయు రీతిని పరిశీలించెను. 1971లో కలప సంపన్నులగు హాబెర్గ్ దంపతుల అడవితోటలో పిల్చక్ గాజు పాఠశాలను స్థాపించెను. 1976లో కారు ప్రమాదమున ఎడమకన్ను పోయినను, తరువాత భుజమునకు దెబ్బ తగిలి గొట్టమెత్తలేకపోయినను, తాను గీయుచు, చెప్పుచు, జట్టుచేత చేయించుచు ఆ కళను నడపినాడు. 1979లో లీనో తాల్యాపియేత్రా అను మురానో గురువు పిల్చక్‌కు వచ్చి, స్వదేశీయుల కినుకను లెక్కింపక తనకు తెలిసినదంతయు బోధించెను. విద్యను దాచినచో అది నిలుచునని నమ్మినవారి నడుమ, పంచినచో పెరుగునని నమ్మి సముద్రములు దాటివచ్చిన ఆ గురువు నాకు పూజ్యుడు. ఈ పేటలో ఏ కిటికీలోనుండి గాజుపాత్ర మెరసినను దాని వెనుక ఆయన చేయి కొంత యున్నది.

సంధ్య దిగినది. టషీరో హార్డ్‌వేర్ దుకాణమును, కాప్లన్ గోదామును కలిపి ఆర్ట్‌స్పేస్ అను సంస్థ 2004లో 50 మంది కళాకారులకు నివాసమును పనిశాలయు నొక్కచోటనే, తక్కువ ఆదాయమువారికి తగిన అద్దెకు, కల్పించినది, క్రింద చాలవరకు చిత్రశాలలే. కళాకారులు వచ్చి పేటకు వన్నె తెచ్చిన పిదప, అద్దెలు పెరిగి ఆ కళాకారులే వెడలగొట్టబడుట లోకమంతటను జరుగు అన్యాయము. దానికి మాటలతో గాక గోడలతో సమాధానము చెప్పిన భవనమిది. ఒక గదిలో వృద్ధురాలొకతె రాగి ఫలకముమీద చెక్కిన చిత్రములను చూపుచు, నా యూరి పేరడిగినది. బొగ్గు ఊరని చెప్పగా, బల్లమీదనున్న బొగ్గుకడ్డీని నా చేతికిచ్చి, మొదట తాను గీయునది దీనితోనేయని నవ్వినది.

ఆక్సిడెంటల్ వీథిలో అరటిచెట్టంత లావు మొదళ్ల చెట్లక్రింద కుంచెగాండ్రు, నగలు చేయువారు బల్లలు పరచియుండిరి. వాయవ్యతీర ఆదిమజనుల శిల్పములనమ్ము స్టోనింగ్టన్ చిత్రశాలలో దేవదారు కొయ్యమీద చెక్కిన కాకి, తిమింగిలము చూచినప్పుడు ముచ్చటయైనది. గాని స్క్వేరు నడుమ నిలిచిన టోటెం అను కులస్తంభము కథ తెలియగనే మనస్సు బరువెక్కినది. 1899లో ఈ నగరపు పెద్దలు అలాస్కాలోని ట్లింగిట్ జనుల గ్రామమున, ఊరివారు లేని సమయమున, దానిని నరికి దొంగిలించి తెచ్చిరి. 1938లో ఎవరో నిప్పుపెట్టగా అది చెడినది. 1940లో నిలిపిన నేటి స్తంభమును ట్లింగిట్ శిల్పులే చెక్కిరి. కళను ప్రేమించుచున్నామను నగరము మొదట ఈ ఋణమును తలచుకొనవలెనని నా యభిప్రాయము.

నెలకొకమారు కూడుకొనుట మనకు క్రొత్తగాదు. హైదరాబాదులో సి.వి. కృష్ణారావుగారు నడిపిన నెలనెలా వెన్నెల కవుల కూటమి యట్టిదే. గాని చిత్రమునకు, శిల్పమునకు మా బొగ్గుబెల్టులో అట్టి సాయంకాలమేది? పాత కరీంనగర్ జిల్లా మట్టినుండి వచ్చిన పి.టి. రెడ్డిగారు బొంబాయిలోను, తోట వైకుంఠంగారు బరోడాలోను విద్య నేర్చిరి. వైకుంఠంగారి బొట్టుపెట్టిన పల్లెపడతులను ప్రపంచము చూచినది, ఆ పడతులు పుట్టిన ఊళ్లవారు చూచినది తక్కువ. కరీంనగర్ వెండితీగ పనియు, చేర్యాల నకాషీ పటములును మాకు మరీ దూరమున లేవు. గోదావరిఖని చౌరస్తా నుండి లక్ష్మీనగర్ వరకు నెలకొక్క సాయంత్రము దుకాణదారులు ఒక్కొక్క గోడ యిచ్చిన చాలును. ఫస్టు షిఫ్టు దిగి స్నానముచేసి వచ్చువారికి ఆరు గంటల సమయము తగును. సెకండు షిఫ్టువారికొరకు మరునాటి ఉదయము కూడ చిత్రములు గోడమీదనే యుండవలెను. బడిపిల్లలు గీసినవియు, గనికార్మికులు గీసినవియు అందులో ముందుండవలెనని నా కోరిక.

వెళ్లదలచువారికి: లైట్‌రైలు పయనీర్ స్క్వేర్ స్టేషనులో దిగిన చిత్రశాలలన్నియు నడక దూరమే. తొలి గురువారమునాడు సియాటిల్ ఆర్ట్ మ్యూజియములో ప్రవేశము ఉచితము. అది ఉత్తరముగ కొలది వీథుల దూరము. శాకాహారులకు దగ్గరలోని చైనా, వియత్నాం పేటలో భోజనము దొరకును. నవంబరు మొదలు ముసురు విడువదు, గొడుగు వలయును. జూన్, జూలై నెలలలో రాత్రి తొమ్మిది వరకు వెలుతురుండును గనుక అప్పుడు పోవుట మేలు.