యానాం బజారులో చేపల ముఖాలు

యానాం చూడవచ్చినవారు గోదావరి గట్టున షికారు చేసి, వానకాలమైతే పులస ధర అడిగి, నిట్టూర్చి వెళ్ళిపోతూ ఉంటారు. కొనకపోయినా ఫరవాలేదు. చేపల బజారులో ఒక్క అరగంట నిలబడి గంపలలోని ముఖాలు చూడండి. ఏ చేప ఎట్లా తిని బ్రతుకుతున్నదో చాలావరకు దాని ముఖమే చెబుతుంది.

గౌతమి ఇక్కడికి వచ్చేసరికి ఏటి ఒండ్రూ సముద్రపు పోటూ కలుస్తాయి. వరద రోజులలో నీటిలో ముంచిన చేయి మనకే కనిపించదు. ఆ మసకలోనే చేపలు ఆహారం వెదుక్కోవాలి.

పండుగప్ప కళ్ళు చూడండి. చీకట్లో వెలుతురు పడితే మెరుస్తాయి. ఇది చిన్న చేపలను, రొయ్యలను వేటాడే జాతి. కొద్దిపాటి వెలుగునైనా వదలని కళ్ళవి. వాటికి తోడు మొప్ప దగ్గరనుంచి తోక వరకు ప్రక్కనొక గీత ఉన్నది. అది అలంకారం కాదు. ఆ గీత వెంట ఉన్న సన్నని రంధ్రాల ద్వారా నీటి కదలిక దానికి తెలుస్తుంది.

జెల్ల, వాలుగల సంగతి వేరు. అడుగున, రాత్రివేళ తిరిగే వీటికి చూపుకన్నా మీసాలు ముఖ్యం. మన నాలుకపై ఉండే రుచిమొగ్గలవంటివే వాటి మీసాలనిండా ఉంటాయి. అమెరికాలో ఒక రకం జెల్లకు ఒళ్ళంతా కలిపి లక్షకు పైగా ఉన్నట్లు శాస్త్రజ్ఞులు లెక్కించారు. అనగా ఒళ్ళంతా నాలుకే!

పులసకు మీసాలు లేవు. మొప్పలలోని సన్నని దువ్వెనతో నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకుంటుంది. అందుకే జాలరులు దానికోసం గాలాన్ని కాక వలనే నమ్ముకుంటారు.

ఇది తెలిశాక ఏటిని చూసే చూపు మారవలసి ఉన్నది. రాగి లవణాలు, కొన్ని పురుగుమందులు కొద్దిపాళ్ళలో కలిసినా చేపల వాసన పసిగట్టే శక్తి మొద్దుబారుతుందని పరిశోధనలలో తేలింది. నీరు మన కంటికి బాగానే ఉండవచ్చు, చేపా ఈదుతూనే ఉండవచ్చు. కాని ఆహారం ప్రక్కనే ఉన్నా, శత్రువు దాపులోనే ఉన్నా పోల్చుకోలేదు. మనం మురుగుకాలువలో పారబోసేది చివరకు చేరేది ఆ మీసాల దగ్గరికే.

చేపను కోయించేముందు ఒకసారి పిల్లలను పిలిచి దాని ముఖం చూపించండి. పుస్తకంలోని పాఠం కన్నా బాగా గుర్తుంటుంది.