ప్రశ్న ఎవరిని అడగాలి?

చంకలో బిడ్డను పెట్టుకొని సంతంతా వెదికినట్లని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. తరగతి గదిలో ఈ సామెతను మేము ఎన్నోమార్లు వివరించి ఉంటాము. కాని దాని అర్థం మా ఇంటి మేక మాకు బోధపరచేదాకా తెలియలేదంటే విద్యార్థులు నవ్వుకోవచ్చు. నవ్వినా మేలే. ఆ నవ్వు వెనుక కొంత దుఃఖం కూడ ఉన్నది కనుక ఈ సంగతిని కళాశాల సంచికలో వ్రాయ సాహసించినాము.

మా స్వస్థలం కార్వేటినగరం. ఒకనాటి సంస్థానం. వేణుగోపాలుని మీద సారంగపాణి పదాలు వెలసినది ఆ ఆస్థానంలోనే. కోవెల, పెద్ద పుష్కరిణి నేటికీ ఊరికి అలంకారాలు. అటువంటి ఊళ్లో పంచాంగం ఒక్క మతంవారి సొత్తు కాదు. మా అబ్బా నమాజు తప్పనివారు. అయినా విత్తనం చల్లేది మాత్రం కార్తె చూచుకొనియే. వీధి చివరి సిద్ధాంతిగారు ఆయనకు బాల్యస్నేహితులు. అబ్బా కాలం చేసిన పిదప కూడ ఆ వృద్ధులు మమ్మల్ని “నాయనా” అని పిలవడం మానలేదు.

మా ఇంట ఒక తెల్లని మేక ఉండేది. మా ఏడేళ్ల కూతురు దానికి చాందిని అని పేరు పెట్టింది. బడి నుండి వస్తూనే పుస్తకాల సంచి అరుగు మీద పడవేసి, అవిసె రెమ్మ పట్టుకొని దాని దగ్గరకు పరుగెత్తేది. ఆ ఏడు రంజాను నాటికి చాందిని నాలుగు నెలల చూలుతో ఉన్నది. పుట్టబోయే పిల్లలకు పేర్లు కూడ సిద్ధమయ్యాయి.

పండుగ మరునాటి సాయంకాలం చాందిని అవిసె రెమ్మను వాసన చూచి ముఖం తిప్పుకొన్నది. నెమరు లేదు. పండ్లు కొరుకుతూ, ఎడమ డొక్క ఉబ్బి, గోడ ప్రక్కన పండుకొన్నది. అమ్మీ దువా చదివి ఊదిన నీళ్లు త్రాగించింది. ప్రక్కింటి అక్క ఉప్పు, మిరపకాయలు దిష్టి తీసిపోయింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివి, హేతువును గూర్చి ఉపన్యసించే మేము చేసినదేమి? చీకటి పడుతుండగా సిద్ధాంతిగారి ఇంటికి నడిచాము. జోస్యుని ఆశ్రయించినవాని నమాజు నలభై దినాలు అంగీకరింపబడదని హదీసులో ఉన్న సంగతి మాకు తెలియనిది కాదు. ఆపద వేళ తెలిసినది జ్ఞాపకం రాదు.

జాతకం చెప్పాలంటే పుట్టిన ఘడియ కావాలి. మేక పుట్టిన ఘడియను ఎవరు వ్రాసిపెడతారు? అందుకే ప్రశ్నశాస్త్రం. అడిగినవాడు నోరు తెరచిన క్షణాన్నే జన్మకాలంగా గ్రహించి చక్రం వేస్తారు. ఇది చిన్న చరిత్ర గలది కాదు. వరాహమిహిరుని కుమారుడైన పృథుయశస్సు దీనిపై ‘షట్పంచాశిక’ రచించాడు. 1649లో కేరళదేశంలో ‘ప్రశ్నమార్గం’ వెలసింది. అరబ్బులు ఈ విభాగాన్ని ‘మసాయిల్’ అన్నారు. ఆ మాటకు అర్థం కూడ ప్రశ్నలే. 762లో బాగ్దాదు నగర నిర్మాణారంభానికి ఘడియ నిర్ణయించినది జ్యోతిష్కులే. 1587లో నీలకంఠుడు సంస్కృతంలో రచించిన ‘తాజిక నీలకంఠి’లో ‘ఇత్థశాల’ మన ఉర్దూ విద్యార్థులెరిగిన ‘ఇత్తిసాల్’ తప్ప వేరు కాదు. పధ్నాలుగవ శతాబ్దంలో ఇబ్న్ ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో జ్యోతిషాన్ని గట్టిగా ఖండించాడు. నమ్మికా, ఖండనా రెండు వారసత్వాలూ మనవే. ఆ రాత్రి మేము ఏ వారసత్వాన్ని ఎన్నుకొన్నామో పాఠకులే గ్రహింతురు గాక.

సిద్ధాంతిగారు కోవెల నుండి వచ్చేసరికి ప్రొద్దుపోయింది. లాంతరు వెలుగులో పంచాంగం విప్పి, కాగితం మీద పన్నెండు గదులు గీచి, చాలసేపు లెక్క కట్టారు. తరువాత కళ్లద్దాలు తీసి ఇట్లన్నారు:

“నాయనా, రోగప్రశ్నలో లగ్నం వైద్యునిది. ఏడవది వ్యాధిది. పదవది రోగిది. నాల్గవది మందుది. పదవ ఇంటి అధిపతి బలహీనుడు కాడు, జీవం నిలుస్తుంది. లగ్నం బాగున్నది, కనుక వైద్యుణ్ణి పిలిపించు. ఆయనను అడిగినావా?”

“లేదండీ, రేపు పిలిపిస్తాము” అన్నాము.

“రేపు కాదు, ఇప్పుడే” అన్నారు ఆయన.

ఆయన చెప్పినది రెండు మాటలు. మేము విన్నది ఒక్కటే. జీవం నిలుస్తుందన్న మాటను మూట కట్టుకొని ఇంటికి వచ్చి, అమ్మీకి చెప్పి, అమ్మాయికి చెప్పి, హాయిగా నిద్రపోయాము. పశువైద్యుడు పిలిస్తే వచ్చేంత దూరంలోనే ఉన్నాడు.

తెల్లవారి వైద్యుడు వచ్చాడు. నక్షత్రం అడుగలేదు, తిథి అడుగలేదు. ఎడమ డొక్కను పిడికిలితో నొక్కి చూచి, “నిన్న, మొన్న ఇది ఏమి తిన్నది?” అన్నాడు. ఇంటిల్లిపాదీ మౌనం వహించాము. ఆ ప్రశ్న మాలో ఎవ్వరికీ తట్టలేదు.

అప్పుడు ఒక్కొక్కటే బయటపడింది. మిగిలిన బిర్యానీ అన్నం ఒక పళ్లెం నిండా మా అమ్మాయి పెట్టింది. చూలు మేక కదా అని అమ్మీ గంపెడు రొట్టెముక్కలు పెట్టింది. అతిథులు వెళ్లిన పిదప వృథా పోరాదని గిన్నె అడుగున ఉన్న అన్నమంతా దాని తొట్టిలో వేసినది మేమే. ముగ్గురమూ ప్రేమతోనే పెట్టాము. ఒకరు పెట్టినది వేరొకరికి తెలియదు.

వైద్యుడు ఓపికగా విడమరచాడు. మేక కడుపులో నాలుగు గదులుంటాయి. ఎడమ వైపున్న పెద్ద గదిలో కంటికి కానరాని సూక్ష్మజీవులు ఆకును మెల్లగా పులియబెట్టి ఆహారంగా మారుస్తాయి. అలవాటు లేని అన్నం, రొట్టె ఒక్కసారిగా మిక్కుటంగా పడితే అక్కడ ఆమ్లం పుడుతుంది. ఆమ్లం మేలు చేసే జీవులను చంపుతుంది, నెమరును నిలుపుతుంది, ఒంటిలోని నీటిని కడుపులోకి లాగుతుంది, కడకు రక్తంలోనూ చేరుతుంది. ఆయన సోడా కలిపిన నీరు పట్టించి, నరానికి సెలైను ఎక్కించాడు. తిరుపతిలో మా విశ్వవిద్యాలయం 1954లో వెలిస్తే పశువైద్య కళాశాల 1955లో వెలిసింది. అదే ఊళ్లో రెండేండ్లు కావ్యాలు చదువుకొన్న మాకు, ఆ రెండవ విద్య ఎవరికోసమో ఆ ఉదయమే అర్థమైనది.

మూడవనాడు చాందిని నెమరు వేసింది. ఇల్లంతా పండుగ మరల వచ్చినట్లయింది. పదవనాడు అది రెండు పిల్లలను ఈచుకొని పోయింది. రెండూ ప్రాణం లేనివే. ముందు రాత్రే పిలిచి ఉంటే అని వైద్యుడు అనలేదు. ఆ మాట మేమే అనుకొన్నాము, నేటికీ అనుకొంటున్నాము. సిద్ధాంతిగారు చెప్పినట్లే జీవం నిలిచింది. నిలువని జీవాల సంగతి మేము అడుగనూలేదు, ఆయన చెప్పనూలేదు.

ఆ రాత్రి మా అమ్మాయి మా ప్రక్కన పండుకొని, “అబ్బా, నేను అన్నం పెట్టినానని నక్షత్రాలకు ముందే తెలుసా?” అని అడిగింది. ఎన్ని ప్రశ్నపత్రాలు దిద్దినా అటువంటి ప్రశ్న మాకు ఎదురు కాలేదు. బిడ్డ మోయరాని బరువును మోస్తున్నదని తెలిసింది. “నక్షత్రాలకు తెలియదమ్మా. నీకు తెలుసు. నిన్ను అడిగి ఉంటే నీవు చెప్పి ఉందువు. అడుగనిది నేను. తప్పు నాది” అన్నాము. తండ్రులు బిడ్డలతో తరచుగా పలికే మాట కాదది. ఆమె కొంతసేపు ఏడ్చి నిద్రపోయింది.

సిద్ధాంతిగారిని మేము నిందింపము. ఆయన శాస్త్రమే వైద్యునికి మొదటి స్థానం ఇచ్చింది. మేము ఆ స్థానాన్ని ఆయనకే కట్టబెట్టాము. గ్రహాలు మేక కడుపులోని అన్నాన్ని చూడగలవని మేము నేడు నమ్మము. ఆనాడు కూడ నమ్మి వెళ్లలేదు, భయపడి వెళ్లాము. భయపడిన మనస్సుకు కావలసినది సమాధానం కాదు, ఊరట. ఊరట దొరకగానే అది ప్రశ్నించడం మానుకొంటుంది. అపాయం అక్కడే ఉన్నది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో పలువురు పల్లెల నుండి వచ్చినవారు. మీ ఇంటి మూగజీవి మేత మానిన నాడు మొదట దాని తొట్టిలో చూడండి. పిమ్మట ఇంట్లోని పసిపిల్లలను గద్దింపక, మెల్లగా అడగండి. వెంటనే వైద్యునికి కబురు పంపండి. దువా చేయదలచినవారు వైద్యుడు వచ్చేలోగా చేయవచ్చు; అందుకు ఏ మతమూ అడ్డు చెప్పదు.

చాందిని మరుసటి ఏడు మరల ఈనింది. పండుగనాడు దాని తొట్టి దగ్గర కాపలా కూర్చున్నది మా అమ్మాయి. మేము అన్నం గిన్నెతో అటు వెళ్లబోతే చేయి అడ్డం పెట్టి, “ఏమి తెచ్చినారు అబ్బా?” అని అడిగింది.