ఎనిమిదా... ఇరవై నాలుగా?

ఒకే ఆటగాడు, ఒకే జట్టు, రెండు నంబర్లు. లాస్ ఏంజెలెస్‌లో కోబీ బ్రయంట్ విగ్రహం ముందు కాసేపు నిలబడితే చాలు... ఆ రెండు అంకెల వెనక ఎంత వ్యాపారం ఉందో, ఎంత మమకారం ఉందో తెలిసిపోతుంది.

మా బావ అల్మరాలో ఓ పసుపురంగు జెర్సీ ఉంది. మెడ దగ్గర దారాలు లేచిపోయాయి. వీపు మీదున్న 8 అంకె సగం పెచ్చులూడింది. అయినా దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు. తుడుపుగుడ్డల్లో పడేద్దామని మా అక్క రెండుసార్లు ప్రయత్నించింది. రెండుసార్లూ మాట పడింది!

బావ దాన్ని కొన్నది 2004లో. ఉద్యోగం కోసం కాలిఫోర్నియా వచ్చిన కొత్తలో. అర్వైన్‌లో నలుగురు తెలుగు కుర్రాళ్లు కలిసి ఉండే అపార్ట్‌మెంటు, నలుగురికీ కలిపి ఒకటే టీవీ. అందులో క్రికెట్ రాదు. రాత్రి అన్నం తింటూ చూడటానికి దొరికింది లేకర్స్ జట్టు బాస్కెట్‌బాల్ ఒక్కటే. ‘ఆట అర్థం కావడానికి ఏడాది పట్టిందోయ్. కోబీ బ్రయంట్ మాత్రం మొదటిరోజే అర్థమయ్యాడు’ అంటాడు బావ. జీతంలోంచి మిగిల్చి కొనుక్కున్న మొదటి సరదా వస్తువు ఆ జెర్సీయేనట.

రెండేళ్లు తిరిగేసరికి కోబీ తన నంబరు మార్చుకున్నాడు. 8 పోయి 24 వచ్చింది. బావ మాత్రం మార్చలేదు.

ఇప్పుడు పేచీ కొడుకుతో వచ్చింది. మా మేనల్లుడికి పదహారేళ్లు. 2016 ఏప్రిల్‌లో కోబీ ఆడిన ఆఖరి మ్యాచ్‌ను నాన్న ఒళ్లో కూర్చుని చూశాడు. ఆ రోజు కోబీ 60 పాయింట్లు కొట్టాడు, వీపు మీద 24. వాడికి కోబీ అంటే అదే. పుట్టినరోజుకి 24 జెర్సీ కావాలన్నాడు. ‘ఇంట్లో ఒకటుందిగా!’ అన్నాడు బావ. ‘అది ఎనిమిది నాన్నా’ అన్నాడు వాడు, అదేదో వేరే మనిషిదన్నట్టు.

అక్క తీర్పు చెప్పేసింది: ‘మీ మామని కూడా తీసుకుని ముగ్గురూ వెళ్లండి. ఏదో ఒకటి తేల్చుకుని రండి. ఈపూట ఇల్లయినా ప్రశాంతంగా ఉంటుంది.’

పేరు మారిన చోటు

అర్వైన్‌లో మెట్రోలింక్ రైలెక్కితే గంట అటూ ఇటుగా లాస్ ఏంజెలెస్ యూనియన్ స్టేషన్. 1939లో కట్టిన అందమైన భవనం. ఎత్తయిన కప్పు, తోలు కుర్చీలు చూస్తూ పాత సినిమాలోకి వచ్చామా అనుకుంటాం. అక్కడే ‘ఎ’ లైన్ మెట్రో పట్టుకుని పీకో స్టేషన్లో దిగితే, నాలుగడుగుల దూరంలోనే లేకర్స్ జట్టు ఆడే స్టేడియం.

1999లో ఇది తెరిచినప్పుడు పేరు స్టేపుల్స్ సెంటర్. కాగితాలూ పెన్నులూ అమ్మే కంపెనీ పేరది. 2021 డిసెంబరు 25న క్రిప్టో.కామ్ అరీనా అయింది. ‘చూశావా... బిల్డింగే పేరు మార్చుకుంటే, మనిషి నంబరు మార్చుకుంటే తప్పేంటి?’ అన్నాడు మేనల్లుడు. బావ వినిపించుకోనట్టు ముందుకి నడిచాడు.

ముందున్న ఆవరణంతా విగ్రహాలే. బంతి పట్టుకుని దారి చూపిస్తున్న మ్యాజిక్ జాన్సన్, చెయ్యెత్తి బంతి విసురుతున్న కరీమ్ అబ్దుల్ జబ్బార్. షకీల్ ఓనీల్ అయితే ఏకంగా గోడకి వేలాడుతుంటాడు. బుట్టని రెండు చేతులా పట్టుకుని ఊగుతున్న భంగిమ అది. చిన్నపిల్లలు కింద నిలబడి వాడి బూట్లు అందుకోవాలని ఎగురుతుంటారు.

జనం ఎక్కువగా ఉన్నది మాత్రం కోబీ దగ్గరే. 19 అడుగుల కంచు విగ్రహం. 2006 జనవరి 22న టొరంటో జట్టు మీద ఒక్క మ్యాచ్‌లో 81 పాయింట్లు కొట్టి, చూపుడువేలు ఆకాశంవైపు ఎత్తి బయటికి నడిచివస్తున్న కోబీ. పీఠం చుట్టూ అతను గెలిచిన అయిదు ట్రోఫీల నమూనాలు. విగ్రహం ఆవిష్కరించిన తేదీ చూడండి: 2024 ఫిబ్రవరి 8. అమెరికా పద్ధతిలో నెల ముందు రాస్తే 2/8/24. అందులో 8, 24 కోబీవి. 2 అతని కూతురు జియానా వేసుకున్న నంబరు.

పీఠం మీద చెక్కిన ఆనాటి స్కోరుపట్టికలో కొన్ని పేర్లు తప్పుగా పడ్డాయని నెలరోజులకి అభిమానులు పట్టుకున్నారు. సరిచేస్తామని జట్టు ప్రకటించాల్సివచ్చింది. పత్రికలో పనిచేసేవాణ్ని కదా, అచ్చుతప్పులు మాకే కాదన్నమాట అని కాస్త ఊరట కలిగింది.

‘విగ్రహానికి ఏ నంబరు వేశారో చూడు’ అన్నాడు బావ, కొడుకు భుజం తట్టి. 8!

సగం జీవితం అటు, సగం ఇటు

ఈ రెండు నంబర్ల మధ్య తీర్పు చెప్పడం ఈ ఊళ్లో ఎవరి తరమూ కాదు. ఎందుకో లెక్కలే చెబుతాయి. 1996 నుంచి 2006 దాకా పదేళ్లు 8. ఆ తర్వాత 2016 దాకా మరో పదేళ్లు 24. ఎనిమిదితో కొట్టిన పాయింట్లు 16,777. ఇరవై నాలుగుతో 16,866. ఇరవై ఏళ్లకి తేడా 89 పాయింట్లే! ఎనిమిదితో మూడు ఛాంపియన్‌షిప్‌లు, ఇరవై నాలుగుతో రెండు.

కుర్రాడిగా ఉన్నప్పుడు ఓ శిక్షణ శిబిరంలో అతనికిచ్చిన నంబరు 143. ఒకటీ నాలుగూ మూడూ కలిపితే ఎనిమిది. చిన్నప్పుడు ఇటలీలో పెరిగిన రోజుల్లోనూ ఎనిమిది వేసుకున్నాడు. ఇక 24, హైస్కూల్లో అతని మొదటి నంబరు. 8 దూకుడున్న కుర్రతనం, 24 ఎదిగి కుటుంబం వచ్చిన మనిషి... అన్నట్టుగా కోబీయే తర్వాత వివరించాడు.

ఒక గొప్ప ఆటగాడు రిటైరైతే అతని నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా పైకప్పు కింద గోడకి తగిలించడం అక్కడి ఆనవాయితీ. మరి కోబీకి ఏది తగిలించాలి? 2017 డిసెంబరు 18న లేకర్స్ ఆ చిక్కుముడి విప్పేసింది. రెండూ తగిలించింది. ఒకే జట్టు ఒకే ఆటగాడి రెండు నంబర్లకి విశ్రాంతినివ్వడం ఎన్‌బీఏలో అదే మొదటిసారి.

అంకె మారితే కోట్ల మాట

నంబరు మార్చుకోవడమంటే దర్జీకి చెప్పి కొత్త అంకె కుట్టించుకోవడం అనుకుంటాం. మన దగ్గర గల్లీ టోర్నమెంటుకైతే అంతే. పొద్దున చెబితే సాయంత్రానికి పేరూ నంబరూ ప్రెస్ చేసి ఇచ్చేస్తారు. ఎన్‌బీఏలో అలా కుదరదు. సీజన్ మొదలవడానికి చాలా నెలల ముందే తయారీదారు పేరున్న ఆటగాళ్ల జెర్సీలు లక్షల్లో సిద్ధం చేసుకుంటాడు. అందుకే నంబరు మార్చాలనుకున్న ఆటగాడు అంతకుముందు సీజన్లోనే, గడువులోగా చెప్పాలి.

2019లో ఇదే లేకర్స్‌లో ఏం జరిగిందో చూడండి. జట్టులోకి కొత్తగా వస్తున్న ఆంథోనీ డేవిస్ కోసం లెబ్రాన్ జేమ్స్ తన 23ని వదులుకుంటానన్నాడు. అతిథికి పీట వేసినట్టు పెద్దమనసుతో చేసిన పని. కానీ గడువు దాటిపోయింది. అప్పటికే తయారైన 23 జెర్సీలన్నీ మిగిలిపోతే కోట్ల డాలర్ల నష్టమని తయారీ సంస్థ నైకీ వైపు నుంచి అభ్యంతరం వచ్చినట్టు అమెరికా పత్రికలు రాశాయి. చివరికి డేవిస్ 3తో సరిపెట్టుకున్నాడు. లెబ్రాన్ 2021లో 6కి మారాడు. 2022లో బిల్ రసెల్ అనే మహా ఆటగాడు చనిపోతే, అతని 6ని లీగ్ మొత్తం మీద ఇంకెవరికీ ఇవ్వకూడదని నిర్ణయించారు. అప్పటికే వేసుకుంటున్నవాళ్లు ఉంచుకోవచ్చన్నా, లెబ్రాన్ గౌరవంగా వదిలేసి 2023లో తిరిగి 23కే వచ్చేశాడు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో నిబంధన ఇంకా ఘాటు. 2021లో అక్కడ నంబర్ల ఎంపికను సడలించారు. అయితే అదే ఏడాది మారాలనుకుంటే దుకాణాల్లో మిగిలిన పాత జెర్సీలన్నీ ఆటగాడే కొనాలి! డాల్విన్ కుక్ అనే ఆటగాడు 33 నుంచి 4కి మారదామనుకుంటే ఖర్చు దాదాపు 15 లక్షల డాలర్లు తేలిందట. ఏడాది ఆగి, ముందుగా చెప్పి, 2022లో మారాడు.

అలాగని నంబరు మారడం ఎప్పుడూ నష్టమేనా? కాదు. ముందుగా చెప్పి మారితే అదే పెద్ద పండగ. పాతది ఉన్నవాళ్లు కూడా కొత్తది కొంటారు. కోబీ 24కి మారిన 2006-07 సీజన్లో ఎన్‌బీఏ జెర్సీ అమ్మకాల్లో అతనిదే మొదటిస్థానం.

మనకి ఇదేం కొత్త కాదు. 2017లో శార్దూల్ ఠాకూర్ పది నంబరు వేసుకుని దిగితే సచిన్ అభిమానులు ఊరుకున్నారా? ఆ నంబరు మళ్లీ కనిపించలేదు. ఉప్పల్ స్టేడియం బయట ఐపీఎల్ రోజుల్లో తాళ్లకి వేలాడే జెర్సీల్లో ధోనీ 7 ఎప్పుడూ ఉంటుంది. ఆడేది ఏ జట్లయినా సరే!

సందులో ‘ఓచో’

స్టేడియం దుకాణంలో ధర చూసి బావ గతుక్కుమన్నాడు. నూటపాతిక డాలర్లకి పైమాటే. మన లెక్కలో పదివేలు దాటిపోయింది. ‘పక్కనే ఇంకో చోటుంది, చూసొద్దాం’ అన్నాడు. ఏళ్లు గడిచినా తెలుగువాడు తెలుగువాడే కదా!

తూర్పుగా మైలు దూరం నడిస్తే ఫ్యాషన్ డిస్ట్రిక్ట్. అందులో శాంటీ ఆలీ అని ఓ ఇరుకు సందు. మా కోఠీ సుల్తాన్‌బజార్‌ని తెచ్చి ఇక్కడ దించారా అనిపించింది. గొడుగుల కింద బట్టలు, బొమ్మలు, అత్తర్లు, కోసిన మామిడిముక్కల మీద కారం. అరుపులన్నీ స్పానిష్‌లోనే. నకిలీ బ్రాండ్లకి పేరుపడ్డ సందు. పోలీసులు దాడులు చేయడం, నాలుగురోజులకి మళ్లీ తెరవడం... అదీ మామూలే. ఓ కుర్రాడు మమ్మల్ని చూసి రెండు జెర్సీలు రెండు చేతుల్లో ఎత్తిపట్టి ‘ఓచో? వెయింతిక్వాత్రో?’ అన్నాడు. ఎనిమిదా, ఇరవై నాలుగా? భాష రాకపోయినా ముగ్గురికీ అర్థమైంది. ధర నాలుగోవంతు కూడా లేదు.

బావ గుడ్డ పట్టుకుని చూశాడు. కాసేపు ఆలోచించి తిరిగిచ్చేశాడు. ‘వద్దులే. వీడు నా వయసు వచ్చేదాకా ఉండాలిగా’ అన్నాడు.

ఖాళీ కుర్చీలు రెండు

మళ్లీ స్టేడియం దగ్గరికి వచ్చేసరికి ఎండ తగ్గింది. అక్కడ రెండో విగ్రహం ఉంది. 2024 ఆగస్టు 2న పెట్టింది. కోబీ, జియానా పక్కపక్కన కూర్చుని ఉంటారు. ఇక్కడ ఆట లేదు, గెలుపు లేదు. తండ్రీ, కూతురూ అంతే.

2020 జనవరి 26 ఉదయం కూతురి మ్యాచ్‌కి వెళ్తూ హెలికాప్టర్ కూలి తండ్రీకూతుళ్లతో కలిపి తొమ్మిదిమంది పోయారు. జియానాకి 13 ఏళ్లు. ఆ వారమంతా ఈ ఆవరణ నిండా పూలు, కొవ్వొత్తులు, జెర్సీలు. బావ ఆరోజు రాత్రి ఇక్కడికి వచ్చాడట, ఒంటిమీద ఆ పాత ఎనిమిదితో. ‘నా పక్కన ఒకాయన 24 వేసుకుని నిలబడ్డాడు. ఎవరో తెలీదు. ఇద్దరం మాట్లాడుకోలేదు. అలాగే గంట నిలబడ్డాం’ అన్నాడు. ఈ మాట కొడుక్కి ఇంతకుముందెప్పుడూ చెప్పలేదని వాడి ముఖం చూస్తే తెలిసింది.

ఆ జనవరి 31న లేకర్స్ మళ్లీ ఆడినప్పుడు స్టేడియంలో ప్రతి కుర్చీ మీదా ఓ చొక్కా పరిచారు. కొన్నిటి మీద 8, కొన్నిటి మీద 24. ఎవరికీ బిల్లు వెయ్యలేదు. కోర్టు పక్కన రెండు కుర్చీలు మాత్రం ఖాళీగా ఉంచి, ఒకదానిమీద 24, ఇంకోదానిమీద జియానా నంబరు 2 ఉన్న జెర్సీలు పెట్టారు. నెల తర్వాత సంస్మరణ సభ జరిపిన తేదీ కూడా 2/24. గడువులూ, నిల్వలూ, నష్టపరిహారాలూ లెక్కేసే వ్యాపారం అదే అంకెల్ని ఆ కొద్దిరోజులూ తలొంచుకుని చూసింది. మళ్లీ అమ్మకాలు మొదలయ్యాయి, నిజమే. కానీ ఈ ఊళ్లో ఆ అంకెలకి ధరతో పాటు ఒక తేదీ కూడా ఉందని అర్థమైంది. 8 వేసుకున్నవాళ్లు ఎప్పటివాళ్లో, 24 వేసుకున్నవాళ్లు ఎప్పటివాళ్లో చూడగానే చెప్పొచ్చు. బావ ఎనిమిది కోబీదే కాదు. నలుగురు కుర్రాళ్లు, ఒకే టీవీ ఉన్న ఆ ఇంటిది కూడా.

బావ దుకాణంలోకి వెళ్లి బేరమాడకుండా 24 కొన్నాడు. (ఆడినా లాభం లేదనుకోండి!) రైల్లో తిరిగొస్తుంటే, ‘ఏదీ, ఓసారి ఇలా ఇవ్వు’ అని తీసుకుని అర్వైన్ వచ్చేదాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

ఇంటికెళ్లగానే అక్క అడిగింది: ‘తేలిందా? ఏది గొప్పట?’

మేనల్లుడు మాట్లాడలేదు. నాన్న అల్మరా తెరిచి, పాత ఎనిమిది పక్కన కొత్త ఇరవై నాలుగుని హ్యాంగర్‌కి తగిలించాడు. స్టేడియం గోడ మీద ఉన్నట్టే!