ముందు చెయ్యి కలిపి, తర్వాత వదలాలి

పోయిన నెల కంప్యూటర్ క్లబ్ పిల్లలకు లింక్డ్ లిస్ట్ చెప్పాను. 1955–56లో అమెరికాలో న్యూవెల్, షా, సైమన్ తయారుచేసిన పద్ధతి ఇది. ఇందులో ప్రతి అంశానికీ తన తర్వాతిది ఎక్కడుందో మాత్రమే తెలుస్తుంది.

వరండాలో ఆరుగురిని వరసగా నిలబెట్టాను. ఒక్కొక్కరు తన తర్వాతివాళ్ల చెయ్యి పట్టుకున్నారు. "మూడో అమ్మాయీ, బయటికి రామ్మా" అన్నాను. వచ్చేసింది. రెండో అబ్బాయి చెయ్యి గాల్లో ఉండిపోయింది. మొదటినుంచి లెక్కపెడితే ఇద్దరే తేలారు. మిగతా ముగ్గురూ అక్కడే ఉన్నారు, కానీ వాళ్ల దాకా దారి లేదు.

"రెండోవాడు ముందు నాలుగోవాడి చెయ్యి పట్టుకోవాలి మేడమ్, తర్వాతే మూడో అమ్మాయి రావాలి" అని పిల్లలే చెప్పారు.

ఆ సాయంత్రం హాజరు పట్టీ చూస్తుంటే మనసు చివుక్కుమంది. నాన్నగారి బదిలీతో విజయవాడ వదిలి మచిలీపట్నం వెళ్లిన బాబు పేరు ఒక్క గీతతో కొట్టేశాను. అతని పక్కన కూర్చునే పిల్లాడు రెండు వారాలుగా ఒక్కడే బాక్సు తింటున్నాడు. నేను గమనించలేదు. మర్నాడే వాణ్ని ముందు బెంచీవాళ్లతో కలిపాను. ఇప్పుడిప్పుడే మాట కలుపుతున్నాడు.

మీకు బదిలీ అయితే, టీసీ అడగడానికి ఒక వారం ముందే మాకు చెప్పండి. ఉండిపోయే బిడ్డకు ఇంకో చెయ్యి అందిస్తాం.